భారతదేశంలో బీరు: నాటి చరిత్ర, నేటి పరిస్థితి – తరచుగా అడిగే ప్రశ్నలు

బీరు గురించి మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగానికి సగం రుచి గురించి కావు. మా ఊళ్లో ఫలానా బ్రాండ్ ఎందుకు దొరకదు, పక్క రాష్ట్రంలో అదే సీసా ఎందుకు చవక, ఎండాకాలం రాగానే స్టాకు ఎందుకు మాయమవుతుంది, ఇలా ఉంటాయి. జవాబు వెతుక్కుంటూ పోతే దాదాపు ప్రతిసారీ ఎక్సైజ్ శాఖ గుమ్మం దగ్గరే తేలతాం. మన దేశంలో బీరు ఎలా ఉండాలో బ్రూవరీలో, అంటే బీరు తయారయ్యే చోట, పనిచేసేవాళ్ల కంటే పన్ను వేసేవాళ్లే ఎక్కువ నిర్ణయించారన్నది నా అభిప్రాయం. కింది జవాబులు చదివాక మీరే చెప్పండి.

బ్రిటిష్‌వాళ్లు రాకముందు మన దగ్గర బీరు ఉండేదా?

సీసాలో వచ్చే హాప్స్ (బీరుకు చేదునిచ్చే ఒక తీగ పువ్వులు) వేసిన బీరు లేదు. ధాన్యాన్ని పులియబెట్టి చేసే పానీయాలు మాత్రం ఎప్పటినుంచో ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. జార్ఖండ్, ఒడిశా ఆదివాసులు బియ్యంతో చేసే హండియా, అరుణాచల్ ప్రదేశ్‌లో అపోంగ్, లడఖ్‌లో బార్లీతో చేసే ఛాంగ్, అస్సాంలో దిమాసాలు చేసే జుడిమా, అన్నీ ఈ కుటుంబంలోవే. జుడిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మన కల్లు ఈ లెక్కలోకి రాదు. అది చెట్టు నుంచి తీసిన రసం, ధాన్యంతో పని లేదు.

అర్థశాస్త్రంలో బియ్యంతో చేసే ‘మేదకం’ అనే మద్యానికి నీళ్లెన్ని, బియ్యమెంత, పులియబెట్టే కిణ్వం ఎంత అని కొలతలతో సహా రాసి ఉంది. అంతకంటే ఆసక్తికరమైన విషయం, ఆ వ్యాపారమంతా చూసుకోవడానికి ‘సురాధ్యక్షుడు’ అనే అధికారి ఉండేవాడు. ఎక్కడ అమ్మాలి, ఎంత అమ్మాలి, ఎవరు తయారుచెయ్యాలి అన్నీ ఆయన చేతిలోనే. పండగలకి, జాతరలకి మాత్రం నాలుగు రోజులు జనం సొంతంగా చేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. నేటి ఎక్సైజ్ కమిషనర్ ఆ మాత్రం కూడా ఇవ్వరు.

‘ఇండియా పేల్ ఏల్’ నిజంగా మన దేశం కోసమే పుట్టిందా?

సగం నిజం. ప్రచారంలో ఉన్న కథ ఇది: ఇంగ్లండ్ నుంచి ఓడలో బయల్దేరిన బీరు నెలల తరబడి ప్రయాణంలో చెడిపోతుంటే, జార్జ్ హాడ్జ్‌సన్ అనే లండన్ వ్యాపారి హాప్స్, ఆల్కహాల్ దట్టించి కొత్త బీరు కనిపెట్టాడట.

జరిగింది అంత నాటకీయంగా లేదు. హాడ్జ్‌సన్ 1752లో తూర్పు లండన్‌లోని బో అనే చోట బ్రూవరీ మొదలుపెట్టాడు. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవు దానికి దగ్గర. ఆ ఓడల కెప్టెన్లకు సొంతంగా సరుకు తెచ్చి ఇక్కడ అమ్ముకునే హక్కు ఉండేది. హాడ్జ్‌సన్ వాళ్లకు ఏడాది, ఏడాదిన్నర అప్పు మీద సరుకిచ్చేవాడు. ఆయన తెలివంతా వంటకంలో కాదు, అప్పు ఖాతాలో ఉంది. ఆయన పంపింది అప్పటికే ఇంగ్లండ్‌లో తాగుతున్న లేతరంగు బీరే. గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, ఓడ కుదుపుల్లో పీపాల్లో మగ్గి, కలకత్తా, మద్రాసు చేరేసరికి అది ఇంకా రుచిగా తయారయ్యేది. హాప్స్ ఎక్కువ వేస్తే సరుకు నిలవ ఉంటుందన్న మాట మాత్రం నిజమే. బ్రిటిష్ సిపాయిలు తాగిన నల్లటి పోర్టర్ బీరు కూడా అదే ఓడల్లో భేషుగ్గా వచ్చేది. పేల్ ఏల్ దొరల బల్లల మీది సరుకు.

1820ల్లో హాడ్జ్‌సన్ వారసులు అప్పులు ఆపేసి, కెప్టెన్లను పక్కన పెట్టి, లాభమంతా తామే లాక్కోవాలని చూశారు. దాంతో కంపెనీ డైరెక్టర్లలో ఒకరు బర్టన్ పట్టణంలోని శామ్యూల్ ఆల్సప్‌ను పిలిచి, అదే రకం బీరు చేసి పెట్టమన్నారు. ఆల్సప్ మనుషులు తొలి ప్రయోగం టీపాట్‌లో చేశారని ఒక కథ ఉంది. బర్టన్ నీళ్లలో సల్ఫేట్లు ఎక్కువ. ఆ నీళ్లతో హాప్స్ చేదు ఇంకా స్పష్టంగా తేలుతుంది. హాడ్జ్‌సన్ పని అక్కడితో సరి. తమాషా ఏమిటంటే, ఆ పేరు అచ్చులో కనిపించిన తొలి చోట్లలో ఒకటి 1829 నాటి సిడ్నీ పత్రికా ప్రకటన.

ఇక్కడికొచ్చాక దాన్ని చల్లబరచడం మరో పని. దొరల ఇళ్లలో దీనికోసమే ‘ఆబ్‌దార్’ అనే నౌకరు ఉండేవాడు. సురేకారం కలిపిన నీళ్లలో సీసాలు పెట్టి చల్లార్చేవాడు. 1833లో అమెరికా నుంచి మంచుగడ్డలు ఓడలో కలకత్తాకు వచ్చాక ఆ పని తేలికైంది.

మన దేశంలో మొదటి బ్రూవరీ ఎక్కడ పెట్టారు?

హిమాలయాల్లో, కసౌలీలో అని సాధారణంగా చెబుతారు. పెట్టినవాడు ఎడ్వర్డ్ డయ్యర్. అవును, జలియన్‌వాలా బాగ్ డయ్యర్‌కు తండ్రే. చాలాచోట్ల 1820 అని రాస్తారు కానీ డయ్యర్ అప్పటికి పుట్టనేలేదు. ఆ బ్రూవరీకి వారసురాలైన మోహన్ మీకిన్ కంపెనీ తన పుట్టిన సంవత్సరంగా 1855ను రాసుకుంటుంది, అదే సబబుగా ఉంది.

కొండలే ఎందుకంటే, ఫ్రిజ్‌లు లేని కాలంలో బీరు పులియడానికి చల్లటి వాతావరణం కావాలి, ఊటనీళ్లు కావాలి, తాగే సిపాయిలు పక్కనే ఉండాలి. కంటోన్మెంట్లున్న కొండ ఊళ్లలో ఈ మూడూ దొరికాయి. తర్వాత బ్రూవరీ సోలన్‌కు మారింది. కసౌలీలో విస్కీ మిగిలింది. అక్కడి లయన్ బీరు చాలాకాలం రాజ్యమేలింది. 1860లో మొదలైన మర్రీ బ్రూవరీ దేశ విభజనలో పాకిస్తాన్‌కు పోయింది. మద్య నిషేధం ఉన్న ఆ దేశంలో, రావల్పిండిలో, అది ఇప్పటికీ నడుస్తోంది.

1949లో నరేంద్రనాథ్ మోహన్ డయ్యర్ మీకిన్‌ను చేతుల్లోకి తీసుకున్నారు. మనకు ఆ కంపెనీ పేరు చెప్పగానే ఓల్డ్ మాంక్ రమ్ము గుర్తొస్తుంది కానీ, కింగ్‌ఫిషర్ రాకముందు గోల్డెన్ ఈగిల్ బీరుకు తిరుగులేదు.

మరి దక్షిణాదిలో? కింగ్‌ఫిషర్ ఇంకా మాల్యాదేనా?

కాదు. కథ నీలగిరుల్లో మొదలవుతుంది. అక్కడి 1857 నాటి కాజిల్ బ్రూవరీ, బెంగళూరులోనూ చుట్టుపక్కలా ఉన్న మరికొన్ని చిన్న బ్రూవరీలు కలిపి 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ వాసి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. ఎద్దుల బళ్ల మీద పీపాలు పెట్టి పటాలాలకు పంపేవాళ్లు. 1947లో విఠల్ మాల్యా ఆ కంపెనీకి తొలి భారతీయ డైరెక్టరయ్యారు, మరుసటి ఏడాదికల్లా ఛైర్మన్. పాత కింగ్‌ఫిషర్ పేరును 1978లో దుమ్ము దులిపి మళ్లీ బయటికి తెచ్చింది ఆయన కొడుకు విజయ్ మాల్యా.

2012లో విమానాల కంపెనీ మూతపడ్డాక బ్యాంకుల బాకీల కింద మాల్యా షేర్లు జప్తయ్యాయి. 2021 జూన్‌లో వాటిలో కొన్నిటిని కొని నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్ తన వాటాను 61.5 శాతానికి పెంచుకుంది. కాబట్టి లకుముకి పిట్ట బొమ్మ ఉన్న ఆ సీసా యజమాని ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాడు.

మద్య నిషేధం బీరును ఎంత దెబ్బతీసింది?

చాలా. రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమని ప్రభుత్వాలకు చెబుతుంది. ఏడో షెడ్యూల్ మద్యాన్నీ, దాని మీది ఎక్సైజ్ పన్నునూ రాష్ట్రాలకే అప్పగించింది. అంటే ‘వద్దు’ అని చెప్పాల్సిన చెయ్యీ, డబ్బులు వసూలు చెయ్యాల్సిన చెయ్యీ ఒకటే.

మన ప్రాంతానికి ఈ అనుభవం కొత్త కాదు. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమం సారా మీద, బీరు మీద కాదు, కానీ నిషేధం వచ్చినప్పుడు బీరూ అదే తాడుకి వేలాడింది.

బీహార్‌లో 2016 ఏప్రిల్‌లో నిషేధం వచ్చేసరికి పట్నా దగ్గర నౌబత్‌పూర్‌లో యునైటెడ్ బ్రూవరీస్ ప్లాంటు ఉంది. కొంతకాలం ఆల్కహాల్ లేని పానీయాలు చేసి నెట్టుకొచ్చారు. వందల కోట్ల పెట్టుబడి ఒక్క ఉత్తర్వుతో ఆగిపోవచ్చన్న భయం ఈ వ్యాపారంలో ఉన్న ప్రతివాళ్లకీ ఉంటుంది.

ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ధర, ఒక్కో బ్రాండ్ ఎందుకు?

బీరు జీఎస్టీలో లేదు. ప్రతి రాష్ట్రమూ తన పన్ను తను వేసుకుంటుంది, లేబుల్ తనే రిజిస్టర్ చేస్తుంది, ధర తనే ఆమోదిస్తుంది. రాష్ట్రం సరిహద్దు దాటితే ఎగుమతి ఫీజు, దిగుమతి ఫీజు అంటూ అదనంగా కట్టాలి. అందుకే ఒక్క పెద్ద ప్లాంటు పెట్టి దేశమంతా పంపడం కుదరదు. ఎక్కడ అమ్మాలనుకుంటే అక్కడే తయారుచేసుకోవడం మేలు. సంగారెడ్డి జిల్లా మల్లేపల్లిలో, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో ఒకే కంపెనీకి విడివిడిగా ప్లాంట్లు ఉండటానికి కారణం ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో కంపెనీ నేరుగా వైన్ షాపుకు అమ్మలేదు. ముందు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కు అమ్మాలి, షాపువాళ్లు కార్పొరేషన్ డిపో నుంచి కేసులు తెచ్చుకోవాలి. కొనేది ఒక్కరే అయినప్పుడు ధర ఎవరు చెబుతారో వేరే చెప్పాలా? 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019-20 తర్వాత తమకిచ్చే ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని కంపెనీ వాదన. వాళ్లు 33 శాతం పెంచమంటున్నారు, ఆ భారం జనం మీద వేయలేమని ఎక్సైజ్ మంత్రి జూపల్లి కృష్ణారావు జవాబు. పన్నెండు రోజుల తర్వాత సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. ఇద్దరూ తామే గెలిచామన్నారు, పెరిగిన డబ్బు మాత్రం తాగేవాళ్ల జేబులోంచి పోయింది.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారిలో వెళ్లింది. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది. అలవాటైన బ్రాండ్లు చాలావరకు కనపడకుండా పోయి, ఎవరూ వినని పేర్లు అరల్లోకి వచ్చాయి. 2024 అక్టోబరులో లాటరీ తీసి షాపులు మళ్లీ ప్రైవేటుకు ఇచ్చారు, పాత పేర్లు తిరిగొచ్చాయి. ఐదేళ్లలో జనం రుచి రెండుసార్లు మారిందా? లేదు, పాలసీ మారింది.

ఈ లైసెన్సుల చిక్కు ఎంత దూరం వెళ్తుందంటే, బీరా 91 తయారుచేసే బీ9 బెవరేజెస్ కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్దామని తన పేరులోంచి ‘ప్రైవేట్’ అనే ఒక్క మాట తీసేసింది. పేరు మారింది కాబట్టి ప్రతి రాష్ట్రంలోనూ లేబుళ్లు మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చింది. అడిగేవాళ్లున్నా నెలల తరబడి అమ్మకాలు ఆగిపోయాయి. పాత పేరున్న సరుకు పనికిరాకుండా పోయింది. కంపెనీ ఇప్పటికీ ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు.

మనవాళ్లు స్ట్రాంగ్ బీరే ఎందుకు అడుగుతారు?

దేశంలో అమ్ముడయ్యే బీరులో 80 శాతానికి పైగా స్ట్రాంగే. ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం 5 శాతం వరకు ఆల్కహాల్ ఉంటే మామూలు బీరు, అది దాటి 8 శాతం వరకు స్ట్రాంగ్. సగటున మనిషి ఏడాదికి తాగేది 2 లీటర్లే, కానీ తాగేవాళ్లు మాత్రం గట్టిదే కోరుకుంటారు.

‘మనవాళ్లకి కిక్కే కావాలి’ అని తేల్చేయడం తేలిక. అసలు లెక్క జేబులో ఉంది. చాలా రాష్ట్రాల్లో లైట్ సీసాకీ స్ట్రాంగ్ సీసాకీ ధరలో తేడా పెద్దగా ఉండదు, ఆల్కహాల్‌లో మాత్రం చాలా ఉంటుంది. పైగా ఆల్కహాల్ పాళ్లతో పోల్చి చూస్తే బీరు మీద పన్ను విస్కీ, బ్రాందీల కంటే ఎక్కువే పడుతుంది. రోజుకూలీ చేసుకునే మనిషికి ఆ డబ్బుతో క్వార్టర్ వస్తుంటే, లైట్ బీరు దేనికి కొంటాడు? క్వార్టర్‌తో పోటీ పడాలంటే బీరు కూడా గట్టిపడాలి, గట్టిపడింది.

‘బీరే కదా’ అనేవాళ్ల కోసం చిన్న లెక్క. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మన విస్కీల్లో 42.8 శాతం ఉంటుంది కాబట్టి 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 13. ఒక ఫుల్ స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులతో సమానం, అంటే నైంటీ కంటే ఎక్కువ. రెండు సీసాలు తాగి ‘నేనేం తాగలేదు, బీరే’ అని బండి తాళం తీసేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

బీరులో గ్లిజరిన్ కలుపుతారట, సీసా బోర్లిస్తే బయటికి పోతుందట?

పోదు. సీసా మూతిని నీళ్లలో తలకిందులుగా ముంచి, ఏదో నూనెలాంటిది కిందికి జారుతుంటే అదే గ్లిజరిన్ అని చూపించే చిట్కా గోవాకొచ్చే విదేశీయుల దగ్గర కూడా బాగా పాపులర్. గ్లిజరిన్ నీళ్లలో పూర్తిగా కలిసిపోయే పదార్థం. ఒకసారి కలిశాక అది ఒక్కటే విడిపోయి కిందికి జారే ప్రశ్నే లేదు. మీరు చూసేది నీళ్లకంటే కాస్త బరువైన బీరే. పులిసేటప్పుడు ఈస్టు తనంతట తాను కొద్దిగా గ్లిజరిన్ తయారుచేస్తుంది, అది ప్రపంచంలో ప్రతి బీరులోనూ ఉంటుంది. మర్నాటి తలనొప్పికి కారణం కావాలంటే పైనున్న పెగ్గుల లెక్క చూడండి.

మన బీరులో ఏముంటుంది? బార్లీ ఎక్కడిది?

బార్లీ రబీ పంట, ఎక్కువగా రాజస్థాన్ నుంచి వస్తుంది. దాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. దానికి తోడు మొక్కజొన్న, బియ్యం, చక్కెర వాడతారు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ పెంచడానికి చవకైన దారి ఈ అదనపు పిండి, పంచదారలే. అందుకే అది చిక్కగా లేకుండా, తియ్యటి ఘాటుతో ఉంటుంది. హాప్స్ దాదాపు అంతా దిగుమతే. హిమాచల్‌లోని లాహౌల్‌లో కొంత పండించారు కానీ అది అవసరానికి ఏ మూలకీ చాలదు.

ఒకే బ్రాండ్ ఊరూరికీ రుచి మారుతుందెందుకు?

ప్లాంట్లు వేరు, నీళ్లు వేరు. దానికంటే ముఖ్యం, ఎండలో నిలబడ్డ లారీ, ఏసీ లేని గోడౌను. సీసా మీద తయారీ తేదీ చూసి కొనండి, కొత్తదైతే తేడా మీకే తెలుస్తుంది.

ఎండాకాలం కొరత నిజమా, సృష్టించిందా?

చాలావరకు నిజమే. మార్చి నుంచి జూన్ దాకా గిరాకీ ఒక్కసారిగా లేస్తుంది, ట్యాంకులు అంతే ఉంటాయి. బీరును ముందే చేసి నెలల తరబడి దాచలేరు. పొరుగు రాష్ట్రం నుంచి తెప్పిద్దామంటే మళ్లీ పర్మిట్లు, ఫీజులు. ‘కూలింగ్ చార్జి’ అంటూ ఎమ్మార్పీ మీద పది, ఇరవై వసూలు చేసే షాపువాళ్లకి మాత్రం ఆ కొరత పండగే.

మార్కెట్ ఎవరి చేతిలో ఉంది?

హైనెకెన్ చేతిలోని యునైటెడ్ బ్రూవరీస్, ఏబీ ఇన్‌బెవ్, కార్ల్స్‌బర్గ్, ఈ మూడింటి చేతిలోనే సింహభాగం. ఏబీ ఇన్‌బెవ్‌కు ఇక్కడి బలమంతా సాబ్‌మిల్లర్ నుంచి వచ్చింది. సాబ్‌మిల్లర్ 2000 నుంచి వరసగా నారంగ్, మైసూర్ బ్రూవరీస్, షా వాలెస్ బీరు వ్యాపారం, ఫోస్టర్స్ కొనుక్కుంటూ వచ్చింది. 2016లో అదంతా ఏబీ ఇన్‌బెవ్‌లో కలిసింది. నాకౌట్, హేవార్డ్స్ 5000 అలా చేతులు మారాయి.

పోటీ ఎంత నిజమో 2021 సెప్టెంబరులో బయటపడింది. 2009 నుంచి 2018 దాకా ఈ కంపెనీలు ధరల విషయంలో కూడబలుక్కున్నాయని కాంపిటీషన్ కమిషన్ తేల్చి, యునైటెడ్ బ్రూవరీస్‌కు దాదాపు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్ ఇండియాకు 121 కోట్ల జరిమానా వేసింది. ముందుగా గుట్టు విప్పిన ఏబీ ఇన్‌బెవ్‌కు పైసా జరిమానా లేదు. ధర ఆమోదించేది ప్రభుత్వమే అయినప్పుడు, ఎంత అడగాలో అందరూ ముందే మాట్లాడుకోవడం కంపెనీలకి సులువైంది. ఇదీ మళ్లీ ఎక్సైజ్ పద్ధతి చలవే.

క్రాఫ్ట్ బీరు, మైక్రో బ్రూవరీల సంగతేంటి?

బారులోనే బీరు తయారుచేసి అమ్మే ఈ చిన్న బ్రూవరీలు గుర్‌గావ్, పుణె, బెంగళూరులో 2010కి కాస్త అటూ ఇటూగా మొదలయ్యాయి. పుణెలో డూలల్లీ 2009లో, బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో. తెలంగాణ 2015లో నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లోనూ వచ్చాయి. గోధుమ బీరు, స్టౌట్, మామిడి కాలంలో మామిడి బీరు, ఇలా కొత్త రుచులు తెలిసింది వీటివల్లే. వడకట్టి, వేడిచేసి సీసాలో నింపిన బీరుకీ, ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చినదానికీ చాలా తేడా ఉంటుంది. కాకపోతే చాలా రాష్ట్రాల్లో అక్కడ చేసింది అక్కడే అమ్మాలి, సీసాలో నింపి షాపులకు పంపడానికి వీల్లేదు. చిన్నవాడు పెద్దవాడయ్యే దారి ఆ ఒక్క నియమంతో మూసుకుపోయింది. గ్లాసు ధర కూడా ఐటీ జీతాలను చూసి పెట్టినట్టే ఉంటుంది.

విదేశాల్లో పేరు తెచ్చుకున్న మన బీరు ఏదైనా ఉందా?

కింగ్‌ఫిషర్ ఉంది కానీ, మనకు దగ్గరైన కథ కోబ్రాది. కరణ్ బిలిమోరియా హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివినవాడు. ఇంగ్లండ్‌లో చదువుకుంటూ, అక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో లాగర్ (మామూలు సీసాల్లో వచ్చే తేలికపాటి బీరు) తాగితే కడుపు ఉబ్బరం, ఏల్ (ఇంగ్లండ్ పాతకాలపు రకం బీరు) తాగితే కూరలతో పొసగదు, రెండిటికీ మధ్య ఒకటి ఉండాలనుకున్నాడు. 1990లో బెంగళూరులోని మైసూర్ బ్రూవరీస్‌లో చేయించి ఇంగ్లండ్‌కు తెప్పించాడు. పాంథర్ అని పెడదామనుకున్న పేరు కోబ్రా అయింది. పాత సిట్రోయెన్ కారులో కేసులు వేసుకుని రెస్టారెంట్ల గుమ్మాలెక్కాడు. తర్వాత తయారీ ఇంగ్లండ్‌కే మారింది, 2009లో అప్పుల్లో కూరుకుపోయి మోల్సన్ కూర్స్‌తో చేతులు కలపాల్సి వచ్చింది. ఆయన ఇప్పుడు హౌస్ ఆఫ్ లార్డ్స్ సభ్యుడు.

టీవీలో బీరు ప్రకటన రాకూడదు కదా, మరి ఆ పేర్లన్నీ ఎలా కనిపిస్తున్నాయి?

వాటర్ బాటిల్, సోడా, క్యాలెండర్ పేరుతో. అందరికీ తెలిసిన గుట్టే.

ఏ వయసు నుంచి కొనొచ్చు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 21. గోవాలో 18, కేరళలో 23.

ఇంట్లో బీరు చేసుకోవచ్చా?

ఆన్‌లైన్‌లో మాల్ట్, హాప్స్, ఈస్టు అన్నీ దొరుకుతాయి, కొనడం తప్పు కాదు. లైసెన్సు లేకుండా వాటితో మద్యం తయారుచేస్తే మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్సైజ్ చట్టం కింద నేరం. సొంతానికే చేసుకున్నా, ఒక్క సీసా చేసినా అంతే.